అమెరికా ముస్లింలపై పరిశోధన... ఇల్లు తాకట్టు పెట్టి పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఎం.ఏ. సోషియాలజీ ఆఖరి సంవత్సరం. అమెరికాలో ముస్లింల స్థితిగతులను అధ్యయనం చేసే పాలసీ రీసెర్చ్ సంస్థల్లో పనిచేస్తానంటోంది. అందుకు అక్కడే పబ్లిక్ పాలసీలో మాస్టర్స్ చేయాలట. ఇల్లు తాకట్టు పెడితే గానీ లోన్ రాదు. అది మేలా, ఇక్కడ పీహెచ్‌డీ మేలా? మేం ముస్లింలం. పేరు చూసి అక్కడ ఇబ్బంది పెడతారేమోనని వాళ్ళమ్మకు నిద్ర పట్టడం లేదు. బంధువులకు ఏం చెప్పాలో తెలియడం లేదు.
- ఒక ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: మాస్టారూ, ఏ చదువు మేలని అడిగారు గానీ, మీ అసలు టెన్షన్ చివరి రెండు వాక్యాల్లో ఉంది. కాబట్టి ముందు ఆ పనేమిటో చెబుతాను.

అమెరికా జనగణనలో మతం అడగరు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలని ఎవరినీ బలవంతపెట్టకూడదని 1976లోనే చట్టం చేసుకున్నారు. మరి అక్కడ ముస్లింలు ఎందరు, ఎలా బతుకుతున్నారు అన్నది ఎవరో ఒకరు సర్వే చేస్తేనే తెలుస్తుంది. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా సర్వే సంస్థ 2007, 2011, 2017ల్లో ఆ పని చేసింది. 2017లో వాళ్ళ అంచనా సుమారు 34.5 లక్షలు, అంటే జనాభాలో ఒక శాతం చిల్లర. అంత తక్కువ మందిని వెతికి పట్టుకుని, 1,001 మందితో ఫోన్‌లో మాట్లాడారు. ఇంగ్లిష్‌తో పాటు అరబిక్, ఫార్సీ, ఉర్దూల్లోనూ అడిగారు. ఆ ఉర్దూ మీ అమ్మాయికి ఇంట్లోనే వచ్చింది. దాన్ని చిన్నదిగా చూడకండి.

2002లో మిషిగన్‌లో మొదలైన ఐఎస్‌పీయూ (ఇన్‌స్టిట్యూట్ ఫర్ సోషల్ పాలసీ అండ్ అండర్‌స్టాండింగ్) అనే పరిశోధన సంస్థ 2016 నుంచి అమెరికన్ ముస్లిం పోల్ అనే సర్వే చేస్తోంది. మీరు బడిలో పనిచేస్తారు కాబట్టి ఒక ఫలితం చెబుతాను. 2017 పోల్‌లో, బడికెళ్ళే పిల్లలున్న ముస్లింలలో 42 శాతం మంది తమ పిల్లలను మతం పేరుతో ఏడిపించారన్నారు. అలాంటి సంఘటనల్లో నాలుగింట ఒకదాంట్లో టీచరో, బడి అధికారో ఉన్నారు. వాళ్ళమ్మగారి భయం ఉత్తదే అని నేనెలా అంటాను? కానీ ఆ ఇబ్బందిని లెక్కగట్టి నలుగురి ముందూ పెట్టే పనినే మీ అమ్మాయి కోరుకుంటోంది. తెలియక కోరుకోవడం లేదు.

ఇక పబ్లిక్ పాలసీ మాస్టర్స్. ఈమధ్య ఏ కన్సల్టెన్సీ బోర్డు చూసినా ఇదే. నాకు దీనిమీద గట్టి అనుమానాలున్నాయి. చదువయ్యాక అక్కడ పని చేసుకోవడానికి విదేశీ విద్యార్థులకిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలోని కోర్సయితే మరో 24 నెలలు. పాలసీ కోర్సులన్నీ ఆ జాబితాలో ఉండవు. ఒకే పేరున్న కోర్సు ఒక యూనివర్సిటీలో స్టెమ్ కావచ్చు, పక్కదాంట్లో కాకపోవచ్చు. ఇలాంటి సంస్థలు చాలావరకు విరాళాలు, గ్రాంట్ల మీద నడుస్తాయి. గ్రాంటు అయిపోతే పోస్టు ఉంటుందో ఉండదో. లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలకు హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ నుంచి మినహాయింపు దొరికే వీలుంది, నిజమే. అయినా స్పాన్సర్ చేయడానికి వాళ్ళ దగ్గర డబ్బుండాలి కదా! ఆ నమ్మకంతో ఇల్లు తాకట్టు పెట్టొద్దు. స్కాలర్‌షిప్ వస్తే సరే, పంపండి.

పీహెచ్‌డీ సంగతి నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వచ్చాక ఆలోచించవచ్చు. ముందు ఒకటి రెండేళ్ళు ఇక్కడే సర్వే పని నేర్చుకోనివ్వండి. 2006లో సచార్ కమిటీ నివేదిక, 2016లో తెలంగాణలో సుధీర్ కమిషన్ నివేదిక, రెండూ ముస్లింల చదువు, ఉద్యోగాలు, ఆదాయం మీదే కదా. సచార్ కమిటీ సభ్య కార్యదర్శి అబూసాలే షరీఫ్ తర్వాత వాషింగ్టన్‌లోని యూఎస్-ఇండియా పాలసీ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేశారు. అంటే ఇక్కడ నేర్చిన పని అక్కడికీ పనికొస్తుంది.

ఒక మాట కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. అంత ఉత్తరంలో బంధువులున్నారు, బ్యాంకు ఉంది. అమ్మాయికి లెక్కలంటే ఇష్టమో కాదో ఒక్క ముక్క లేదు! ఈ పనిలో సగం స్టాటిస్టిక్సే. రోజూ పిల్లలను చూసే మీరు సొంత పిల్లను ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే ఎలా? బంధువులకు "సర్వేలు చేసే ఉద్యోగం" అని చెప్పండి, చాలు.

ప్యూ సర్వేల డేటా వాళ్ళ సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. అమ్మాయిని 2017 డేటా దించుకుని, నివేదికలోని ఒక్క పట్టికను 'ఆర్' అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో తనంతట తాను తయారు చేయమనండి. అంకెలు కలవకపోతే ఎందుకు కలవలేదో వెతకమనండి. నెల రోజులు పట్టినా పట్టనివ్వండి. ఆ పని నచ్చిందో లేదో నాకు తననే రాయమనండి.