ఏ నిష్పత్తిని నమ్మాలి?

ప్రశ్న: నేను ఎం.ఏ. అర్థశాస్త్రం చదువుతున్నాను. మన దేశంలో ఆర్థిక సంస్థల లోతు, అంటే జీడీపీతో పోలిస్తే వాటి పరిమాణం, 1960 నుంచి ఎలా పెరిగిందో ప్రాజెక్టు రాయాలి. మా మాస్టారు ఎం3ని, అంటే దేశంలోని మొత్తం ద్రవ్య పరిమాణాన్ని, జీడీపీతో భాగించమన్నారు. లైబ్రరీలో దొరికిన వ్యాసాల్లో ప్రైవేటు రంగానికి బ్యాంకులిచ్చిన రుణాలను భాగించారు. రెండు గీతలూ ఒకేలా లేవు. ఏది వాడాలి?
– ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: రెండోది వాడమ్మా. మాస్టారు నొచ్చుకుంటారనుకుంటే మొదటిది అనుబంధంలో పెట్టు.

ఎం3లో ప్రధానంగా ఉండేవి ప్రజల చేతిలోని నోట్లు, బ్యాంకుల్లోని డిపాజిట్లు. గుంటూరు మిర్చి యార్డులో సీజనులో చేతులు మారే నోట్ల కట్టలు కూడా అందులోనివే. బ్యాంకు గడప తొక్కని డబ్బు పెరిగినా ఈ నిష్పత్తి పెరుగుతుంది. పోనీ డిపాజిట్లనే తీసుకుందామా అంటే, డిపాజిట్ వచ్చినంత మాత్రాన అది రైతుకో వ్యాపారికో అప్పుగా వెళ్లిందని కాదు. 1990ల మొదట్లో నేను ఇక్కడే ఒక బ్యాంకు శాఖలో రుణాల విభాగం చూసేవాణ్ణి. అప్పట్లో డిపాజిట్లలో ప్రధానంగా ప్రభుత్వ బాండ్లలో పెట్టాల్సిన వాటా (ఎస్.ఎల్.ఆర్.) 38.5 శాతం, రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాల్సిన వాటా (సీ.ఆర్.ఆర్.) 15 శాతం. కౌంటరులో 100 రూపాయలు పడితే 53.50 ప్రభుత్వ బాండ్లకూ రిజర్వు బ్యాంకుకూ పోయేవి. మిగిలిన దానిలోనే వ్యవసాయం, పరిశ్రమ, వ్యాపారం అన్నీ సర్దుకోవాలి. ఎం3 గీత చూస్తే ఆ ఇరుకు సంగతే తెలియదు.

1993లో రాబర్ట్ కింగ్, రాస్ లెవిన్ అనే ఆర్థికవేత్తలు 80 దేశాల మీద పని చేసినప్పుడు అందుకే ఒక్క కొలతతో సరిపెట్టుకోలేదు. మొత్తం ద్రవ్య పరిమాణంతో పాటు, అప్పులిచ్చేది కేంద్ర బ్యాంకా వాణిజ్య బ్యాంకులా, ఆ అప్పు ప్రభుత్వానికి వెళ్లిందా ప్రైవేటు రంగానికి వెళ్లిందా అని కూడా అడిగారు. నీ ప్రాజెక్టులో ఆ చివరి ప్రశ్న ఒక్కటి గట్టిగా అడిగితే చాలు. ఆ కొలత ప్రకారం మన దేశం 1960లో జీడీపీలో 10 శాతం లోపు, ఇప్పుడు 50 శాతం అటూ ఇటూ. చైనా 150 శాతం దాటింది. అంతమాత్రాన చైనాకు మూడింతలు మంచి బ్యాంకులున్నాయని రాసేయకు.

ఇక లెక్క కట్టేటప్పుడు అందరూ తడబడే చోటు ఒకటుంది. రుణం మార్చి 31 నాటి నిల్వ, జీడీపీ ఏడాది పొడవునా జరిగిన ఉత్పత్తి. నిరుడు మార్చికి రుణాలు 100, ఈ మార్చికి 120, ఈ ఏటి జీడీపీ 200 అనుకో. చివరి అంకె 120ని జీడీపీతో భాగిస్తే 60 శాతం; రెండు మార్చిల సగటు 110ని భాగిస్తే 55 శాతం. నువ్వు సగటే వాడు. 1973-74 లాంటి ధరలు మండిపోయిన ఏళ్లలో అదీ చాలదు, ముందు రెండు మార్చిల రుణాలనూ ఆయా తేదీల ధరల సూచీతో, జీడీపీని ఏడాది సగటు సూచీతో సవరించుకోవాలి. పైగా మార్చి 31కి సొంత మహిమ ఒకటుంది. ఆ వారం మేనేజర్లు పెద్ద ఖాతాదారుల ఇళ్ల చుట్టూ తిరగడం, లక్ష్యం కోసం వచ్చిన సొమ్ము ఏప్రిల్ మొదటి వారంలో తిరిగి వెళ్లిపోవడం నేను కళ్లారా చూశాను.

గీత ఎక్కడ ఎగిరిందో అక్కడ కారణం వెతుకు. 2023 జులై 1న హెచ్‌డీఎఫ్‌సీ సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో కలిసింది. గృహరుణాలన్నీ బ్యాంకు పద్దులోకి వచ్చి పడ్డాయి. అందుకే రిజర్వు బ్యాంకు విలీనంతో ఒక అంకె, విలీనం లేకుండా ఒక అంకె ఇచ్చింది. పెరుగుదలంతా ఆరోగ్యమూ కాదు. 2018 మార్చి నాటికి బ్యాంకుల అప్పులో 100కి 11 రూపాయలకు పైగా మొండి బకాయిలే. అంతకుముందు లోతు పెరిగిందని మురిసిన కాలంలో ఇచ్చిన అప్పులే వాటిలో చాలావరకు.

మన జిల్లా ప్రస్తావన తెస్తానంటే ఒక పేరా రాయి. రైతు మిర్చి టిక్కీలు (బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో పెట్టి, వాళ్లిచ్చిన బాండు (నిల్వ రసీదు) మీద బ్యాంకులో అప్పు తీసుకుంటే అది నీ నిష్పత్తిలోకి వస్తుంది. అదే రైతు కమీషన్ వ్యాపారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, తెచ్చుకుంటే రాదు. చీటీ పాడుకున్నా రాదు. ఈ నిష్పత్తి కొలిచేది బ్యాంకుల లోతును, ఊళ్లో ఉన్న అప్పును కాదు. ఈ మాట మొదటి పేజీలోనే రాసేస్తే, వైవాలో ఎవరూ నిన్ను ఇరుకున పెట్టలేరు.

ప్రశ్న: జన్‌ధన్ ఖాతాలతో మన బ్యాంకింగ్ లోతు పెరిగినట్టేనా?
– ఒక పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: పెరిగింది వెడల్పండీ. ప్రపంచ బ్యాంకు ఫిండెక్స్ సర్వే ప్రకారం 2011లో వయోజనుల్లో 35 శాతం మందికి ఖాతా ఉంటే 2017కి 80 శాతానికి చేరింది. ఆ ఆరేళ్లలో ప్రైవేటు రుణం మాత్రం జీడీపీలో 50 శాతం దగ్గరే ఉండిపోయింది. 2017లో ఖాతా ఉన్నవారిలో 48 శాతం మంది అంతకుముందు ఏడాదంతా అందులో ఒక్క రూపాయి వేయలేదు, తీయలేదు. గ్యాస్ రాయితీ దళారీ చేతిలో పడకుండా నేరుగా ఖాతాలో పడటం చిన్న సంగతి కాదు, కాదనను. కానీ ఖాతాల సంఖ్య చూపించి లోతు అంటే, పక్క గడిలో ఆ ఖాతాదారులకు ఇచ్చిన అప్పెంతో అడగండి.