ఆలుగడ్డకు రకం కన్నా ముందు నెల చూడండి

ఒకరు మార్చిలో కొట్లో కొన్న ఆలుగడ్డలు నాటితే ఆకు ఏపుగా పెరిగి, అడుగున గోళీకాయలంత గడ్డలే వచ్చాయన్నారు. ఏ రకం వేయాలని అడిగారు. తప్పు రకానిది కాదండీ, ఎండది. రాత్రిపూట 20 డిగ్రీల లోపు ఉంటేనే గడ్డ బాగా ఊరుతుంది. హైదరాబాద్‌లో అయితే అక్టోబరు చివర్నుంచి నవంబరు మధ్యలోపు పెట్టేయండి. జహీరాబాద్ రైతులూ చలికాలం పంటగానే వేస్తారు.

మన చలి నాలుగు రోజుల ముచ్చట కాబట్టి తొందరగా చేతికొచ్చే రకమే మేలు. నా ఓటు కుఫ్రీ పుఖ్‌రాజ్‌కి. 70-90 రోజుల్లో వచ్చేస్తుంది, లోపల లేత పసుపు, కూరలో ముక్క చెదరదు. కాస్త ముందే నాటాలనుకుంటే వేడిని ఓర్చుకునే కుఫ్రీ సూర్య చూడండి. నేనొకసారి చిప్స్ మీద ఆశతో చిప్సోనా ఆలస్యంగా పెట్టాను. గడ్డ ముదిరేలోపే ఫిబ్రవరి ఎండకు మొక్కలు వాడిపోయాయి.

విత్తన గడ్డ మీద మొలక పొట్టిగా, లావుగా ఉండాలి. తెల్లగా సేమ్యాలా సాగిందైతే మట్టి వేసేటప్పుడే విరిగిపోతుంది. కోసి నాటితే ముక్కకు రెండు కళ్లు (మొలక వచ్చే గుంటలు) ఉండేలా చూసి, ఒక రోజు నీడలో ఆరనివ్వండి. మొక్క జానెడు పెరిగాక దాని మొదలు చుట్టూ మట్టి ఎగదోయండి. ఎండ తగిలి ఆకుపచ్చగా మారిన గడ్డ మాత్రం వండకండి.