సందేహాలు – సమాధానాలు: సిలువ వేశారా, వేయించారా?

సందేహం: ఈమధ్య ఒక వారపత్రికలో ‘క్రీస్తును శిలువ వేసిన యూదులు’ అనే మాట చదివాను. శిలువ సరైనదా, సిలువ సరైనదా? ‘వేసిన’ అనాలా, ‘వేయించిన’ అనాలా? అసలు యూదులు ఈ సంగతిని ఎలా చెప్పుకుంటారు? – ఒక పాఠకుడు, తెనాలి.

సమాధానం: మీ మొదటి ప్రశ్నకు జవాబు ‘సిలువ’. శకారంతో రాసేవారికి శిల గుర్తుకు వస్తుందో, శకారం పెడితే మాటకు సంస్కృత గౌరవం కలుగుతుందని అనిపిస్తుందో గాని, ఈ పదానికి సంస్కృతంతో ఏ సంబంధమూ లేదు. ఇది సెమిటిక్ భాషల సొత్తు. సిరియాక్ భాషలో దీన్ని ‘స్లీబా’ అంటారు. కేరళలోని సిరియన్ క్రైస్తవులకు శతాబ్దాల పాటు ఆరాధన భాష సిరియాకే కనుక ఆ మాట అక్కడ స్థిరపడింది. మగపిల్లలకు స్లీబా అని పేరు పెట్టుకునే ఆచారం అక్కడ నేటికీ ఉంది. తమిళంలో చేరేసరికి మొదటి జంట హల్లు విడిపోయి, బకారం వకారమై, ‘సిలువై’ అయింది. తమిళుల ‘తలై’కి మన తల, వారి ‘మలై’కి మన మల ఎలా సరిపోతాయో, వారి ‘సిలువై’కి మన సిలువ అలాగే సరిపోయింది. అరబ్బీలో దీని తోబుట్టువు ‘సలీబ్’. హైదరాబాదులో ఉర్దూ వింటూ పెరిగిన వారికి అది కొత్త మాట కాదు. హీబ్రూలో ‘త్సెలావ్’. యేసు మాట్లాడిన అరమాయిక్‌కు సిరియాక్ దగ్గరి చుట్టం. ఇంగ్లీషువారి ‘క్రాస్’ లాటిన్ నుంచి, అంటే శిక్ష వేసిన రోమన్ల భాష నుంచి వచ్చింది. మన పల్లెల్లో శ్రమల దినాల్లో పాడుకునే సిలువ పాటలోని మాట మాత్రం శిక్ష పడిన వారి భాషల కుటుంబానిది. ఇంత వంశవృక్షం ఉన్న మాటకు తోచిన అక్షరం తగిలించి రాయడం నాకు కష్టంగా ఉంటుంది. అయినా ‘శిలువ’ అచ్చులో బాగా పాకిపోయింది కనుక దాన్ని తప్పు అని కొట్టివేయను. ‘సిలువ’ రాయండి అని మాత్రం అడుగుతాను. ‘సిలువ మోయడం’ అంటే కష్టాన్ని ఓర్చుకోవడమనే లాక్షణికార్థం అందరికీ తెలిసినదే.

ఇక ‘వేయు’ సంగతి. ఉరి వేయడం, కొఱత వేయడం తెలుగులో ముందునుంచీ ఉన్నాయి. సిలువ వేయడం వాటి వరుసలోనే చేరింది. కొఱత అనగానే భారతంలోని మాండవ్యుడు జ్ఞాపకం వస్తాడు. దొంగలు ఆయన ఆశ్రమంలో దాగితే రాజభటులు ఆయననూ పట్టుకున్నారు, రాజాజ్ఞతో శూలానికి ఎక్కించారు. ఆ శూలపు మొన ఒంట్లో మిగిలిపోయి ఆయన అణిమాండవ్యుడయ్యాడు. రాజు క్షమాపణ వేడితే ఆయన రాజును మన్నించి, యముణ్ని నిలదీశాడు. ఎక్కించినది భటులు, ఎక్కించమన్నది రాజు, కర్మఫలం పంచినది యముడు. శిక్షను చెప్పే క్రియకు కర్త ఎవరన్నది మనవాళ్లకు ఎప్పుడూ చిన్న ప్రశ్న కాదు.

అందుకే మన భాషలో చేయడం వేరు, చేయించడం వేరు. యోహాను సువార్త 19వ అధ్యాయం మొదటి వచనం తీసి చూడండి. గ్రీకు మూలంలో పిలాతు యేసును కొరడాలతో ‘కొట్టెను’ అన్నట్టే క్రియ ఉంటుంది. తెలుగు అనువాదకులు ‘కొరడాలతో కొట్టించెను’ అని రాశారు. రోమన్ అధిపతి స్వయంగా కొరడా పట్టడని తెలుగు చెవికి తెలుసు. ఒక్క ‘ఇంచు’తో ఇంత న్యాయం చేయగల భాష చేతిలో ఉండగా, ‘శిలువ వేసిన యూదులు’ అని రాసిన పత్రికవారి అశ్రద్ధను ఎలా సమర్థించాలి? మేకులు కొట్టినది రోమన్ సైనికులు. ఆజ్ఞ ఇచ్చినది పిలాతు. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కూడా మరణశిక్షను పిలాతుకే ఆపాదించాడు.

యూదుల చట్టంలో ఈ శిక్షకు చోటు లేదు. యూదుల ప్రాచీన ధర్మసూత్రాల సంకలనమైన మిష్నాలో, న్యాయసభల గురించిన సన్‌హెద్రిన్ భాగం మరణశిక్షలు నాలుగని చెబుతుంది: రాళ్లతో కొట్టడం, దహనం, శిరచ్ఛేదం, గొంతు బిగించడం. చంపిన తరువాత కొందరి శవాన్ని కొయ్యకు వేలాడదీసి చీకటి పడకముందే దించేవారు. బ్రతికి ఉన్నవాణ్ని మేకులతో కొట్టి వదిలేయడం రోమన్ల పద్ధతి. అయితే ఒక్క మాట దాచకూడదు. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలో అలెగ్జాండర్ యన్నాయ్ అనే యూద రాజు తనకు ఎదురుతిరిగిన 800 మందిని సిలువ వేయించాడని యూద చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. అది ఆనాటి యూదులకే ఏవగింపు కలిగించిన పని. సామాన్యంగా యూదులకు సిలువ అంటే తమ వారి మీద రోమ్ ఎత్తిన కొయ్య. 1968లో యెరూషలేముకు ఈశాన్యాన ఒక సమాధిలో, యెహోహనాన్ అనే పేరు చెక్కిన రాతిపెట్టెలో, ఒక మడమ ఎముక దొరికింది. సుమారు 11 సెంటీమీటర్ల ఇనుప మేకు అందులో అడ్డంగా దిగి ఉంది. మేకు కొస వంగిపోవడం వల్ల అది ఊడి రాలేదు. అయినవాళ్లు దాన్ని ఎముకతోనే ఉంచి పూడ్చుకున్నారు.

యూదులు ఎలా చెప్పుకుంటారన్నారు గదా. వారి మాట ఒక్కటి కాదు. మిష్నాకు వ్యాఖ్యానంగా పెరిగిన బాబిలోనియా తల్మూదులో, సన్‌హెద్రిన్ భాగంలోనే, పస్కా పండుగ ముందురోజున యేషూను, అంటే యేసును, ‘వేలాడదీశారు’ అని ఉంది. మన ‘వేలాడదీశారు’ లాగే అక్కడా కర్త పైకి కనబడదు. మంత్రవిద్య చేశాడనీ ఇశ్రాయేలును తప్పుదోవ పట్టించాడనీ నేరం మోపి, 40 రోజులు చాటింపు వేయించారనీ, ఆయన పక్షాన చెప్పేవారు ఎవరూ రాలేదనీ ఆ కథ. అందులో రోమన్ల ఊసే లేదు. సంఘటన జరిగిన కొన్ని శతాబ్దాలకు, పారశీక రాజ్యంలో కూర్పు పొందిన గ్రంథమది. 12వ శతాబ్దంలో యూద ధర్మశాస్త్ర పండితుడు మైమోనిడీస్ కూడా ‘న్యాయస్థానం చేత చంపబడ్డాడు’ అన్నాడు. పుస్తకాలను తనిఖీ చేసి కత్తిరించే క్రైస్తవ అధికారులకు వెరచి ఈ భాగాలు తరువాతి అచ్చు ప్రతులలో చాలాచోట్ల ఎగిరిపోయాయి. 20వ శతాబ్దంలో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి హైమ్ కోహ్న్, 1968లో వెలువడిన తన హీబ్రూ గ్రంథంలో దీనికి పూర్తిగా ఎదురు వాదం చేశాడు: యేసును పట్టుకున్న రాత్రి యూద సభ కూడినది ఆయనను రోమన్ల చేతి నుంచి తప్పించడానికేనట. ఈ వాదాన్ని ఒప్పుకోని పండితులే ఎక్కువ. నాకూ అది మనసుకు పట్టలేదు గాని, అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అడిగినందుకు ఆయన మీద గౌరవం ఉంది.

ఇంకో చిక్కు ఉంది. అపొస్తలుల కార్యములలో పేతురు యెరూషలేములో నిలబడి ‘మీరు సిలువవేసిన యీ యేసు’ అంటాడు. మరి అక్కడ ‘వేయించిన’ అని ఎందుకు లేదని మీరు అడగవచ్చు. అన్నవాడు యూదుడు, విన్నవారు యూదులు. ఇంటివాడు ఇంటివాళ్లను ‘మీరు’ అని నిలదీస్తున్నాడు. ఆ మధ్యమ పురుషను తీసి, పరాయివారి నోట ‘యూదులు’ అని ప్రథమ పురుషగా మార్చడంతోనే అది తరతరాల నిందగా మారింది. 1096లో మొదటి సిలువ యుద్ధానికి బయలుదేరినవారిలో కొందరు దారిలో వోర్మ్స్, మైన్జ్ పట్టణాల యూదులను ఊచకోత కోశారు. ఆ యోధులను హీబ్రూలో ‘త్సల్బానిమ్’ అంటారు. మన సిలువకు మూలమైన ‘స్లీబా’లోని మూడు హల్లులే అందులోనూ ఉన్నాయి. కాథలిక్కుల వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న ప్రకటించినది ఈ మాటే: ఆనాటి యూద అధికారులు, వారిని అనుసరించినవారు ఆ మరణం కోసం పట్టుబట్టినా, ఆ నేరాన్ని నాటి యూదులందరి మీద గాని నేటి యూదుల మీద గాని మోపరాదు.

మీరు పంపిన పదబంధంలో క్రియకన్నా పెద్ద దోషం విశేషణంలో ఉంది. ‘వేసిన యూదులు’ అంటే వేసిన ఆ కొందరు అని అర్థమా, యూదులంటేనే వేసినవారు అని అర్థమా? తెలుగులో రెంటికీ రూపం ఒకటే. ‘రావణుని చంపిన రాముడు’ అన్నట్టు అది ఒక జాతికి బిరుదుగా అతుక్కుంటుంది. ‘వేయించిన యూదులు’ అని మార్చినా ఆ అతుకు పోదు. కనుక క్రియను ముందుకు జరపకుండా చివర నిలిపి, కర్తలను విడగొట్టి ‘ప్రధాన యాజకులు అప్పగించగా, పిలాతు ఆజ్ఞపై రోమన్ సైనికులు యేసును సిలువ వేశారు’ అని రాయడం మేలు. సువార్తల మాటా ఇదే. యాజకుల పాత్ర ఎంతన్నది ఇంకా తెగని వాదం కనుక ‘వేయించారు’ అనేవారిని నేను పూర్తిగా తప్పుపట్టను. అయితే ఆ క్రియకు ముందు ‘కొందరు యూద పెద్దలు’ అనే మూడు మాటలు విధిగా ఉండాలి.