టెక్ సందేహాలు: లైనక్స్‌లో డ్రైవర్ కంపైల్ కావట్లేదా? చివరి లైను వదిలేసి మొదటి ఎర్రర్ చూడండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆపేసింది. విండోస్ 11 ఎక్కని పాత ల్యాప్‌టాప్‌ను పారేయలేక లైనక్స్ వేసుకున్నవాళ్ల నుంచి వచ్చే ప్రశ్నల్లో డ్రైవర్ల గొడవే ఎక్కువ. ఈసారి శీర్షిక మొత్తం వాటికే. కమాండ్లను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాలు వాడండి.

ప్రశ్న: సర్, నేను డిగ్రీ చదువుతున్నాను. పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ మింట్ 22 వేశాను. లోపలి వైఫై పాడైందని యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొన్నాను. అది పెడితే నెట్‌వర్క్‌లు కనిపించడం లేదు. దాంతో వచ్చిన సీడీలో లైనక్స్ అనే ఫోల్డర్ ఉంది. అందులో చెప్పినట్టు ‘మేక్’ కొడితే పేజీలకు పేజీలు ఏదో వచ్చి, చివర్లో ‘ఎర్రర్ 2’ అని ఆగిపోతోంది. వీడియోల్లో చూసినవన్నీ చేశాను. మళ్లీ విండోస్‌కే వెళ్లిపోవాలా? – హన్మకొండ నుంచి ఒక విద్యార్థి

జవాబు: వెళ్లక్కర్లేదు. మీరు చూస్తున్న ‘ఎర్రర్ 2’లో అసలు సమాచారమే లేదు. ‘నేను పిలిచిన పని ఒకటి మధ్యలో ఆగిపోయింది’ అని మేక్ చెబుతోంది, అంతే. ఎందుకు ఆగిందో చాలా పైన ఉంటుంది. టెర్మినల్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ కలిపి నొక్కితే వెతికే పెట్టె వస్తుంది. అందులో ‘ఎర్రర్’ అని కొట్టి, అన్నిటికంటే పైన ఉన్న ఎర్రర్ దగ్గరికి వెళ్లండి. మిగతావి చాలావరకు దాని వెనకాలే పుట్టుకొచ్చినవి. ‘వార్నింగ్’ అని ఉన్న లైన్లను చూసి టెన్షన్ పడొద్దు, ప్రస్తుతానికి వాటిని దాటేయండి.

అయితే అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. అసలు మీరు కంపైల్ చేయాలా, అంటే మేక్‌తో డ్రైవర్ కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చాలా? విండోస్‌లో పరికరం కొంటే డ్రైవర్ విడిగా వేసుకోవడం అలవాటు. లైనక్స్‌లో అత్యధిక డ్రైవర్లు కెర్నల్‌తోపాటే (హార్డ్‌వేర్‌ను నడిపే లైనక్స్ మూల భాగం) వచ్చేస్తాయి. మీ అడాప్టర్ పలకడం లేదంటే, దాని డ్రైవర్ మీ దగ్గరున్న కెర్నల్ వెర్షన్‌లో లేదేమో, తర్వాతి వెర్షన్‌లో ఉందేమో ముందు చూడాలి.

దానికి చిప్ పేరు కావాలి. డబ్బా మీద ఉన్న పేరు నమ్మొద్దు. టీపీ-లింక్ టీఎల్-డబ్ల్యూఎన్722ఎన్ అనే మోడల్‌నే తీసుకోండి. మొదటి వెర్షన్‌లో ఉన్నది ఎథరాస్ చిప్, రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ చిప్. పేరు అదే, రూపం అదే, డ్రైవర్ మాత్రం పూర్తిగా వేరు. కాబట్టి అడాప్టర్ గుచ్చి, టెర్మినల్‌లో ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’ అని కొట్టండి. ఒక్కో పరికరానికి నాలుగు, మధ్యలో కోలన్, మళ్లీ నాలుగు అక్షరాలతో ఒక ఐడీ వస్తుంది. ఆ ఐడీని వెతికితే చిప్ పేరు తెలుస్తుంది. వీడియోలు, గైడ్లు చూడటం ఆ తర్వాతే. వేరే చిప్ కోసం చేసిన వీడియోను ఎంత శ్రద్ధగా పాటించినా మీ అడాప్టర్ పనిచేయదు.

కొన్ని అడాప్టర్లు గుచ్చగానే సీడీ డ్రైవ్‌లా కనిపిస్తాయి. విండోస్ డ్రైవర్‌ను తమలోనే దాచుకుని, ముందు దాన్ని చూపిస్తాయి. ఎల్ఎస్‌యూఎస్‌బీలో 0బీడీఏ:1ఏ2బీ అనే ఐడీ కనిపిస్తే మీదీ అలాంటిదే. డెస్క్‌టాప్ మీద కొత్తగా వచ్చిన ఆ డిస్కును ఇజెక్ట్ చేసి చూడండి, చాలావాటిలో అప్పుడు అసలు వైఫై పరికరం బయటికొస్తుంది. ‘యూఎస్‌బీ-మోడ్‌స్విచ్’ ప్యాకేజీ ఉంటే ఈ మార్పును అదే చేసిపెడుతుంది.

మీ చిప్ పేరు రాయలేదు కాబట్టి బాగా వాడుకలో ఉన్న రియల్‌టెక్ 8821ఏయూ అనుకుని చెబుతాను. మింట్ 22తో వచ్చింది 6.8 కెర్నల్. అందులో ఈ చిప్‌కు డ్రైవర్ లేదు. 2025 మార్చిలో వచ్చిన 6.14 నాటికి 8821ఏయూ, 8812ఏయూ రెండింటికీ కెర్నల్‌లోనే డ్రైవర్ వచ్చేసింది. కాబట్టి మీరు మేక్ జోలికే వెళ్లక్కర్లేదు. మింట్ అప్‌డేట్ మేనేజర్‌లో ‘వ్యూ’ మెనూ తెరిచి, ‘లైనక్స్ కెర్నల్స్’లో 6.14 గానీ అంతకన్నా కొత్తది గానీ ఎంచుకుని ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. పాత కెర్నల్ కూడా అలాగే ఉంటుంది. కొత్తది నచ్చకపోతే బూట్ మెనూలో పాతదాన్ని ఎంచుకోవచ్చు.

వైఫైయే లేనప్పుడు ఇదంతా డౌన్‌లోడ్ ఎలా అంటారేమో. ఫోన్‌ను డేటా కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేయండి. మింట్ దాన్ని వైర్డ్ కనెక్షన్‌లా పట్టుకుంటుంది, ఏ డ్రైవరూ వేయక్కర్లేదు. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే ఆ ఆప్షన్ వెలగదు, కేబుల్ మార్చండి.

ఇంత చేసినా కంపైల్ తప్పదంటే, అంటే మీ చిప్ కొత్త కెర్నల్‌లో కూడా లేకపోతే, అప్పుడు ఆ మొదటి ఎర్రర్ దగ్గరికి రండి.

‘లిబ్, మాడ్యూల్స్’ అని మొదలై, మధ్యలో మీ కెర్నల్ నంబరు, చివర్లో ‘బిల్డ్’ ఉన్న దారి చూపించి, అలాంటి ఫైల్ గానీ ఫోల్డర్ గానీ లేదంటోందా? మీ దగ్గర కెర్నల్ హెడర్లు లేవు. డ్రైవర్ ఏ కెర్నల్‌లోకి వెళ్లాలో దాని లోపలి నిర్మాణ వివరాలు ఆ హెడర్లలో ఉంటాయి. అవి లేకుండా కంపైల్ చేయమనడం కొలతలు ఇవ్వకుండా దర్జీని చొక్కా కుట్టమన్నట్టే. ముందు అన్ని అప్‌డేట్లూ పూర్తి చేసి రీస్టార్ట్ చేయండి. తర్వాత సినాప్టిక్ ప్యాకేజీ మేనేజర్ తెరిచి ‘బిల్డ్-ఎసెన్షియల్’, ‘డీకేఎమ్ఎస్’ (ఇదేమిటో రెండో ప్రశ్న జవాబులో చెప్పాను), ‘లైనక్స్-హెడర్స్-జెనరిక్’ ఇన్‌స్టాల్ చేయండి. 6.14 లాంటి కొత్త వరస వాడుతుంటే అదే పేరు చివర ‘హెచ్‌డబ్ల్యూఈ-24.04’ ఉన్నది తీసుకోవాలి. ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ నంబరు ‘యునేమ్’, ఖాళీ, ‘హైఫన్ ఆర్’ అని కొడితే తెలుస్తుంది. హెడర్ల నంబరు, ఈ నంబరు చివరి అంకె దాకా ఒకటే కావాలి. అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేయకపోవడం వల్ల ఈ రెండూ తేడా వచ్చి ఆగిపోయేవాళ్లు చాలామంది.

మింట్ 21 లేదా ఉబుంటు 22.04 వాడేవాళ్లకు ఇంకో చిక్కుంది. వాటిలో మామూలుగా ఉండే కంపైలర్ (కోడ్‌ను కంపైల్ చేసే ప్రోగ్రామ్) జీసీసీ 11. తర్వాత వాటికి వచ్చిన 6.5, 6.8 కెర్నల్స్ జీసీసీ 12తో తయారయ్యాయి. ‘జీసీసీ-12’ దొరకలేదన్న ఎర్రర్ వస్తే ఆ పేరుతోనే ఉన్న ప్యాకేజీ వేయండి, సరిపోతుంది. డ్రైవర్ ఫోల్డర్ పేరులో ఖాళీలు ఉన్నా కంపైల్ తేడా చేస్తుంది. ‘న్యూ ఫోల్డర్ 2’లో పెట్టినవాళ్లు దాన్ని హోమ్ ఫోల్డర్‌లోకి, ఖాళీలు లేని పేరుతో మార్చుకోండి.

ఇవేవీ కాకుండా ఫలానా ఫంక్షన్ ‘ఇంప్లిసిట్ డిక్లరేషన్’ అనో, ‘టూ మెనీ ఆర్గ్యుమెంట్స్’ అనో వస్తే మీ తప్పేమీ లేదు. డ్రైవర్ కోడ్ పాతబడింది. మీ సీడీ విషయంలో నా అనుమానం ఇదే. కెర్నల్ తన లోపలి ఫంక్షన్లను ఎప్పుడైనా మార్చుకుంటుంది, వాటిని స్థిరంగా ఉంచుతామన్న హామీ ఇవ్వబోమని కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. 4.15లో టైమర్ల పాత పద్ధతి పోయింది. 5.6లో ‘ప్రాక్’ ఫైళ్ల పద్ధతి మారింది. 6.4లో ‘క్లాస్ క్రియేట్’ ఫంక్షన్‌కు ఇవ్వాల్సిన వివరాలు రెండు నుంచి ఒకటికి తగ్గాయి. 6.15లో టైమర్ తీసేసే ఫంక్షన్ల పేర్లే మారాయి. కెర్నల్ లోపల ఉన్న డ్రైవర్లను, ఆ మార్పు చేసినవాళ్లే వెంటనే సరిచేస్తారు. సీడీలో ఉన్న కోడ్‌ను ఎవరూ సరిచేయరు, అది కాల్చిన రోజు దగ్గరే ఆగిపోయింది. పరికరం అమ్మే కంపెనీలు సీడీలో ఏళ్లనాటి కోడ్ పెట్టి డబ్బా మీద ‘లైనక్స్ సపోర్టెడ్’ అని రాయడం కొనేవాళ్లకు అన్యాయం. డబ్బు పెట్టి కొన్న విద్యార్థి, తనకు కంప్యూటర్ రాదనుకుని బాధపడాల్సి వస్తోంది.

అలాంటప్పుడు సీ ఫైల్ తెరిచి, ఎవరో చెప్పిన లైను మార్చే ప్రయత్నం చేయొద్దు. సినాప్టిక్‌లో మీ చిప్ నంబరు కొట్టి, పేరు చివర ‘డీకేఎమ్ఎస్’ ఉన్న ప్యాకేజీ దొరుకుతుందేమో చూడండి. లేకపోతే కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో ఆ చిప్‌కు ఇప్పటికీ సరిచేస్తున్న కోడ్ వెతకండి. అందులో రెండే చూడండి. చివరిసారి ఎప్పుడు మార్చారు? రీడ్‌మీ ఫైల్‌లో మీ కెర్నల్ నంబరు ఉందా? రెండేళ్లుగా ఎవరూ ముట్టనిదైతే వదిలేయండి.

కంపైల్ అయింది గానీ లోడ్ కావట్లేదంటే అది వేరే కథ. ‘ఇన్స్‌మాడ్’తో లోడ్ చేస్తే ‘అన్‌నోన్ సింబల్’ రావడం సహజం, తనకు కావలసిన మిగతా మాడ్యూళ్లను (కెర్నల్‌లోకి విడిగా ఎక్కించే డ్రైవర్ లాంటి భాగాలను) అది వెతుక్కోదు. ‘మాడ్‌ప్రోబ్’ వాడండి. ‘ఇన్‌వాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్’ అంటే ఒక కెర్నల్ కోసం తయారైనదాన్ని ఇంకో కెర్నల్‌లో ఎక్కిస్తున్నారు. ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అంటే సెక్యూర్ బూట్ అడ్డుపడింది. డిజిటల్ సంతకం లేని మాడ్యూల్‌ను అది రానివ్వదు. డీకేఎమ్ఎస్ ప్యాకేజీ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటుంది. దాన్ని కాగితం మీద రాసుకోండి. రీస్టార్ట్ అయ్యాక నీలం తెర వస్తుంది, ఏదో ఒక కీ నొక్కడానికి పది సెకన్లే సమయం. ‘ఎన్‌రోల్ మోక్’, ‘కంటిన్యూ’, ‘యెస్’ ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ ఇస్తే సరి. ఆ తెర ఏమిటో తెలియక దాటేసి, డ్రైవర్ పాడైందని మళ్లీ మళ్లీ కంపైల్ చేస్తూ కూర్చునేవాళ్లు ఎందరో. బయాస్‌లో సెక్యూర్ బూట్ ఆపేయడం తేలికే గానీ, అదే మిషన్‌లో విండోస్ కూడా ఉంటే నేనైతే ఈ నీలం తెర దారినే సూచిస్తాను.

ప్రశ్న: వైఫై డ్రైవర్‌ను కష్టపడి కంపైల్ చేశాను, బాగా పనిచేసింది. నిన్న అప్‌డేట్ చేశాక మాయమైంది. ప్రతిసారీ ఇదే పనా? – ఒంగోలు నుంచి ఒక టీచర్

జవాబు: మేడమ్, అప్‌డేట్‌లో కెర్నల్ మారింది. మీరు తయారుచేసిన మాడ్యూల్ పాత కెర్నల్‌కే చెల్లుతుంది. ఇప్పుడే ఇంటర్నెట్ కావాలంటే, స్టార్ట్ అయ్యేటప్పుడు ఎస్కేప్ గానీ షిఫ్ట్ గానీ నొక్కి, ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లో పాత కెర్నల్ ఎంచుకోండి, వైఫై తిరిగొస్తుంది.

శాశ్వత పరిష్కారం డీకేఎమ్ఎస్. డెల్ కంపెనీలో పుట్టిన ఈ సాధనం డ్రైవర్ కోడ్‌ను దగ్గర పెట్టుకుని, కొత్త కెర్నల్ వచ్చినప్పుడల్లా దానంతట అదే కంపైల్ చేస్తుంది. మీరు డౌన్‌లోడ్ చేసిన కోడ్‌లో ‘డీకేఎమ్ఎస్ డాట్ కాన్ఫ్’ అనే ఫైల్ ఉంటే దాన్ని డీకేఎమ్ఎస్‌కు అప్పగించవచ్చు, ఎలాగో ఆ కోడ్ రీడ్‌మీలోనే ఉంటుంది. ‘డీకేఎమ్ఎస్ స్టేటస్’ అని కొడితే మీ కెర్నల్ పక్కన ‘ఇన్‌స్టాల్డ్’ అని రావాలి. ‘యాడెడ్’ అని మాత్రమే ఉంటే కోడ్ చేరింది గానీ కంపైల్ కాలేదు. దానికి మామూలు కారణం, కొత్త కెర్నల్‌తోపాటు హెడర్లు రాకపోవడం. పైన చెప్పిన ‘లైనక్స్-హెడర్స్-జెనరిక్’ ఉంటే అవి కూడా ప్రతిసారీ వస్తాయి.

ప్రశ్న: ఎన్విడియా సైట్ నుంచి ‘డాట్ రన్’ ఫైల్ తెచ్చి వేశాను. ఇప్పుడు నల్ల తెర తప్ప ఏమీ రావడం లేదు. – విజయవాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మింట్‌లో, ఉబుంటులో ఆ ఫైల్ వాడొద్దు. ప్యాకేజీ వ్యవస్థకు తెలియకుండా ఫైళ్లు పెట్టేస్తుంది కాబట్టి తర్వాతి అప్‌డేట్‌తో పేచీ వస్తుంది. బూట్ మెనూలో ‘రికవరీ మోడ్’, అందులో ‘రూట్’ ఎంచుకుని ‘ఎన్విడియా-అన్‌ఇన్‌స్టాల్’ అని కొట్టండి. అదే దాన్ని తీసేస్తుంది. రీస్టార్ట్ చేశాక డ్రైవర్ మేనేజర్ తెరిచి, ‘రికమెండెడ్’ అని ఉన్నది ఎంచుకోండి.

ప్రశ్న: మా జిరాక్స్ షాపులో కేనన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ ఉంది. లైనక్స్‌లో ప్రింట్ రావాలంటే కెర్నల్ డ్రైవర్ కంపైల్ చేయాలన్నారు. నిజమేనా? – తణుకు నుంచి ఒక షాపు యజమాని

జవాబు: కాదండీ. ప్రింటర్ డ్రైవర్లు కెర్నల్‌లో ఉండవు, ‘కప్స్’ అనే ప్రింటింగ్ వ్యవస్థకు తోడుగా నడుస్తాయి. మీ ప్రింటర్‌ది క్యాప్ట్ అనే కేనన్ సొంత పద్ధతి. అందుకే సాధారణ లేజర్ ప్రింటర్ల డ్రైవర్ ఏదీ దానికి పనికిరాదు. కేనన్ సైట్‌లో లైనక్స్‌కు ‘క్యాప్ట్ ప్రింటర్ డ్రైవర్’ దొరుకుతుంది. 64-బిట్ ప్యాకేజీలో కూడా కొన్ని 32-బిట్ భాగాలు ఉంటాయి, అందుకే ఇన్‌స్టాల్ అయ్యాక కూడా ప్రింట్ రాకపోతే 32-బిట్ లైబ్రరీలు లేవేమో చూడాలి. ఇంకో మాట. ప్రింటర్ కేబుల్ పెట్టగానే సిస్టమ్ తనంతట తాను ఒక ప్రింటర్‌ను చేర్చేసి ఉంటే దాన్ని తీసేయండి, క్యాప్ట్ ద్వారా చేర్చినదాన్నే డిఫాల్ట్‌గా పెట్టుకోండి. ‘సీసీపీడీ’ అనే సర్వీస్ నడుస్తుంటేనే అది పలుకుతుంది. పొద్దున షాపు తెరిచి కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఆ సర్వీస్ కూడా మొదలయ్యేలా సెట్ చేయించుకోండి.