‘అంతుచిక్కని’ అన్న మాట గురించి: ఒక యువ రచయితకు లేఖ

హనుమకొండ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రెండు వ్యాసాలూ, రామప్ప ఇటుకల మీద రాసిందీ, మీ ములుగు అడవిలో కూలిన చెట్ల మీద రాసిందీ, రెండేసి సార్లు చదివాను. వాక్యం నీకు లొంగింది. నీ వయసులో నాకు అంత లొంగలేదు. అయితే రెండు వ్యాసాలూ ‘శాస్త్రవేత్తలకే అంతుచిక్కని రహస్యం’ అన్న ఒకే మాటతో మొదలయ్యాయి. ఈ ఉత్తరమంతా ఆ మాట గురించే.

ఇటుకల సంగతి ముందు చూద్దాం. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో ఆ గుడిని నిలబెట్టాడనీ, 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించిందనీ, శిఖరంలోని ఇటుకలు నీటిలో వేస్తే తేలతాయనీ రాశావు. అన్నీ నిజాలే. కానీ తేలడం దగ్గర ఆగిపోయి, ‘ఎలా తేలుతుందో ఎవరికీ తెలియదు’ అన్నావు. ఎలా తేలుతుందో అందరికీ తెలుసు బిడ్డా. జీలుగు బెండు ఎందుకు తేలుతుందో ఇటుకా అందుకే తేలుతుంది. తన పరిమాణమంత నీటికన్నా అది తేలిక. ఇక్కడ కాగితం తీసుకుని చిన్న లెక్క వేయవలసింది. కాలిన మట్టిలో ఖాళీలేమీ లేకపోతే అది నీటికి సుమారు 2.6 రెట్ల బరువుంటుంది. అటువంటి మట్టితో చేసిన ఇటుక తేలాలంటే అందులో నూటికి 60 వంతులకు మించి గాలి ఉండాలి. సగానికి పైగా శూన్యమే ఉన్న ఇటుక పిండి కాకుండా, వానకూ ఎండకూ ఓర్చి ఎనిమిది వందల ఏళ్లు శిఖరం మీద ఎలా నిలిచిందన్నదే అసలు అడగవలసిన ప్రశ్న. అడుగున ఇసుక నింపిన పునాది, దాని మీద బరువైన రాతి గోడలు, కొసన తేలిక ఇటుక: ఈ మూడింటినీ కలిపి చూస్తే కట్టినవాడి మనసులోని లెక్క కొంతైనా కనిపిస్తుంది. నీ వ్యాసంలో పునాది ప్రస్తావనే లేదు.

ఒక పని చెయ్యి. మీ ఊరి దగ్గర ఇటుక బట్టీ ఉంటే వెళ్లి, మట్టిలో ఊక కలిపి కాల్చిన ఇటుక ఒకటి అడిగి తెచ్చుకుని విరిచి చూడు. విరిగిన చోట వడ్లగింజ ఆకారంలోనే సన్నని గుంటలు కనిపిస్తాయి. ఊక కాలిపోయింది, దాని చోటు మిగిలింది. తర్వాత ఆ ముక్కను బకెట్లో వేసి బుడగలు ఎంతసేపు వస్తాయో చూడు. గుంటలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటే నీరు లోపలికి పోతుంది, విడివిడిగా మూసుకుని ఉంటే పోదు. అది చూశాక రామప్ప ఇటుక గురించి నువ్వు అడిగే ప్రశ్నలు మారతాయి: మట్టిలో ఏం కలిపారు, ఎంత వేడిలో కాల్చారు, గుంటలు మూసుకుని ఉన్నాయా, తెరుచుకుని ఉన్నాయా? అంతుచిక్కనిదంటూ ఉంటే ఈ ప్రశ్నల్లోనే ఉంటుంది. దాన్ని వేలు పెట్టి చూపించు, పాఠకుడు నీ వెంటే వస్తాడు.

నేనూ ఈ గుంటలో పడినవాణ్ణే. 2011 సెప్టెంబరులో, జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా కేంద్రం నుంచి ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలకు 730 కిలోమీటర్లు ప్రయాణించిన న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాలు కాంతి కన్నా సుమారు 60 నానోసెకన్లు ముందే చేరినట్లు కొలతల్లో వచ్చిందన్న వార్త వెలువడగానే, కాంతిని మించిన వేగం లేదన్నది ఐన్‌స్టీన్ మాట కనుక, ఒక వారపత్రికకు ‘ఐన్‌స్టీన్ ఓడిపోయాడు’ అని శీర్షిక పెట్టి రాత్రికి రాత్రి వ్యాసం పంపాను. ఆ ప్రయోగం చేసినవాళ్లు మాత్రం గెలిచామని అనలేదు. తప్పు ఎక్కడుందో దొరకడం లేదు, మీరూ వెతకండి అని తోటివారిని అడిగారు. మరుసటి ఏడాది తప్పు దొరికింది, సరిగా బిగించని ఒక ఫైబర్ ఆప్టిక్ తీగ రూపంలో. ఆ తీగ కథ మొదటి వార్త కన్నా ఎంతో గొప్పది. నేను దాన్ని రాయనే లేదు, సిగ్గుపడి ఊరుకున్నాను. అప్పటినుంచి పత్రికా ప్రకటన చదివి వ్యాసం రాయను, పరిశోధనా పత్రం తెచ్చుకుని చదువుతాను. ఎలుకల మీద చేశారా, మనుషుల మీదనా, ఎంతమంది మీద అన్న వివరాలు చాలాసార్లు అక్కడే దొరుకుతాయి.

ఇక చెట్లు. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో వేల చెట్లు కూలాయి. డిసెంబరు 4న ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు కేంద్రంగా 5.3 పరిమాణంతో భూకంపం వచ్చింది. ఆ ఉదయం మీ వంటింట్లో గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగిన చప్పుడు నీ వ్యాసం మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు. ఆ వెంటనే ‘చెట్లు ముందే హెచ్చరించాయా?’ అన్నావు. మనకు కాకతాళీయం అన్న మాట ఉంది. కాకి వాలడం, తాటిపండు రాలడం. ప్రశ్న అడగడంలో తప్పు లేదు, అడిగి వదిలేయడమే తప్పు. చెట్టు వేరు కొన్ని మీటర్ల లోతుకు పోతుంది, ఆ భూకంపం పుట్టింది సుమారు 40 కిలోమీటర్ల లోతున. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెడితే నీ పాఠకుడే తేల్చుకునేవాడు. పైగా మన కింద ఉన్నది గోదావరి లోయ. భూమి పొర చీలి కుంగిన పాత పగులు. సింగరేణి బొగ్గు పేరుకున్నదీ, యామన్‌పల్లి దగ్గర కోటాసారస్ అనే డైనోసార్ ఎముకలు దొరికినదీ ఈ లోయలోని పొరల్లోనే. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం వైపు వచ్చిన భూకంపం 5.7. అంకెలో తేడా 0.4 మాత్రమే, వెలువడిన శక్తిలో తేడా దాదాపు నాలుగు రెట్లు. ఈ కొలబద్ద సంగతి మన పత్రికల్లో ఎవరూ వివరించరు, నువ్వు వివరించు.

చెట్లు ఎందుకు పడ్డాయన్నది వేరే వ్యాసం, దాన్ని వేరుగానే రాయి. కుండపోత వానతో వచ్చిన విపరీతమైన గాలి వల్లనన్న మాట ఉంది. మేఘం నుంచి గాలి ఒక్కసారిగా కిందికి దూకితే నేలను తాకి చుట్టూ చిమ్ముతుంది, చెట్లు ఒక కేంద్రం నుంచి బయటి వైపుకు పడతాయి. సుడిగాలి అయితే పడిన మానులు మెలితిరిగి అడ్డదిడ్డంగా ఉంటాయి. ఏ మాను ఎటు పడిందో దిక్సూచితో చూసి పుస్తకంలో గీసుకోవాలి. మొదలంటా పెకలిందా, నడుమ విరిగిందా, వేర్లకు పట్టుకున్న మట్టి జానెడా, మూరెడా అన్నవీ చూడాలి. నువ్వు పంపిన పదకొండు ఫొటోల్లోనూ కొమ్మలే ఉన్నాయి. మిగిలిన మోడులు ఇంకా అక్కడే ఉంటే, అటవీ శాఖ వారి అనుమతి తీసుకుని, ఒక టేపూ ఒక దిక్సూచీ వెంటబెట్టుకుని వెళ్లి, ఈసారి వేర్లు కనిపించేలా తీసి పంపు.

ఇట్లు
నీ క్షేమం కోరే పెద్దవాడు