జెన్ కాన్‌కి ముందు ఒక చిన్న కాన్‌కి వెళ్ళు

అమ్మలూ,

బోర్డ్ గేమ్స్ ఆడేవాళ్ళ జాతరలు, అదే, ఈ కన్వెన్షన్ల గురించి నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. "అత్తయ్యా, జెన్ కాన్ బ్యాడ్జి (ఎంట్రీ పాస్) కొనెయ్యనా, లేకపోతే మా బోర్డ్ గేమ్స్ క్లబ్ వాళ్ళు వెళ్ళే చిన్న కాన్‌కి వెళ్ళనా, ఒక్క ముక్కలో చెప్పు" అన్నావు. ఒక్క ముక్కలో అంటే: ముందు చిన్నదానికి వెళ్ళు, ఆ తర్వాత పెద్దదానికి వెళ్ళు. ఎందుకో చెప్పాలంటే మాత్రం ఒక్క ముక్క చాలదు. టీ పెట్టుకుని చదువు.

నువ్వు సిన్సినాటిలో ఉండటం ఒకందుకు కలిసొచ్చింది. అటు ఇండియానాపోలిస్, ఇటు కొలంబస్, రెండూ రెండు గంటల లోపే. అటువైపు జెన్ కాన్ ఉంది, ఇటువైపు మా ఊళ్ళో ఆరిజిన్స్, బకై గేమ్ ఫెస్ట్ ఉన్నాయి. అంటే పెద్దది, మధ్యరకం, చిన్నది మూడూ నీకు అందుబాటులోనే ఉన్నాయి. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చేవాళ్ళకి విమానం టికెట్లు కూడా తోడవుతాయి.

పెద్ద కాన్ తానా సభల్లాంటిది, చిన్న కాన్ మన ఊరి తెలుగు సంఘం వనభోజనాల్లాంటిది. తానాలో అంతా చూసొస్తావు, ఎవరితోనూ పది నిమిషాలు కుదురుగా మాట్లాడవు. వనభోజనాల్లో చూడటానికేమీ ఉండదు, అందరితో మాట్లాడతావు. నువ్వు ఏ కాన్‌కి వెళ్ళినా ఒకటే లెక్క వేసుకో: ఇంటికొచ్చేసరికి ఎన్ని గంటలు టేబుల్ దగ్గర కూర్చుని ఆడాను? మిగతావన్నీ దాని తర్వాతే.

జెన్ కాన్ సంగతి చూద్దాం. 2024లో 71,000 మందికి పైగా వచ్చారు. కన్వెన్షన్ సెంటర్ చాలక పక్కన ఫుట్‌బాల్ స్టేడియం లూకస్ ఆయిల్‌ని కూడా కలుపుకున్నారు. జట్లు ఫుట్‌బాల్ ఆడే చోట టేబుళ్ళు వేసి మనవాళ్ళు పేకముక్కలు పంచుకుంటూ ఉంటారు, అది మాత్రం చూసి తీరాల్సిందే. నాలుగు రోజుల్లో 20,000కు పైగా ఈవెంట్లు. ఇంత పెద్దది ఎలా మొదలైందో తెలుసా? 1968లో విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో గ్యారీ గైగాక్స్ అనే ఆయన 50 డాలర్లకి ఒక హాలు అద్దెకి తీసుకున్నాడు. వంద మంది దాకా వచ్చారు. ఇంకో ఆరేళ్ళకి డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాత్రలు వేసి కథ నడిపే ఆట తెచ్చిన వాళ్ళలో ఒకడు ఆయనే. ఆ తర్వాత కాన్ మిల్వాకీకి వెళ్ళింది, 2003 నుంచి ఇండియానాపోలిస్‌లో ఉంది. తమాషా ఏమిటంటే, 2008లో ఆయన పోయినప్పుడు లేక్ జెనీవాలో చేరినవాళ్ళు ఆయన జ్ఞాపకంగా ఆటలు ఆడుకున్నారు. అందులోంచి మరుసటి ఏడు గ్యారీ కాన్ పుట్టింది. పెద్దది ఊరు దాటి వెళ్ళిపోతే అదే ఊళ్ళో మళ్ళీ చిన్నది మొలిచింది.

పెద్ద కాన్‌కి అసలు ఖర్చు బ్యాడ్జి కాదు, ప్లానింగ్. బ్యాడ్జి కొన్నంత మాత్రాన నీకు ఏ ఆటలోనూ సీటు ఉన్నట్టు కాదు. మేలో ఈవెంట్ రిజిస్ట్రేషన్ తెరుస్తారు. దానికి ముందే కేటలాగ్ చూసి విష్ లిస్ట్ తయారుచేసి పెట్టుకోవాలి. ఆ రోజు మధ్యాహ్నం అందరూ ఒకేసారి బటన్ నొక్కుతారు, సిస్టమ్ నిన్ను క్యూలో ఎక్కడో పడేస్తుంది. లిస్టులో పైన పెట్టినవాటిని ముందు చూస్తుంది కాబట్టి, పైన పెట్టేది బాగా పేరున్న ఆట కాకూడదు. సీట్లు తక్కువున్నదీ, నీకు నిజంగా కావలసినదీ పైన పెట్టు. నలభై సీట్లున్న ఆట కిందున్నా దొరుకుతుంది, ఆరు సీట్ల ఆట దొరకదు. రోజుకి ఒక్క పెద్ద ఆట ముందే బుక్ చేసుకుంటే చాలు. రెండు ఆటల మధ్య గంటైనా ఖాళీ ఉంచు. మ్యాప్‌లో పక్కపక్కనే కనిపించే గదులు నడిస్తే ఇరవై నిమిషాలు, అందులో శనివారం జనం. సీటు దొరకని ఆటకి, ఏ ఆటకైనా పనికొచ్చే జెనరిక్ టికెట్లు పట్టుకుని టైముకి వెళ్ళి నిలబడు. బుక్ చేసుకున్నవాళ్ళలో రానివాళ్ళు ఎప్పుడూ ఉంటారు. పొద్దున్న తొమ్మిదింటి ఆటలకైతే మరీను!

గదుల గోల వేరే. బ్యాడ్జి ఉన్నవాళ్ళకి హోటల్ బుకింగ్ టైమ్ లాటరీలో వస్తుంది. పొద్దున్నే వస్తే కన్వెన్షన్ సెంటర్‌కి స్కైవాక్ (పైనుంచి నడిచే వంతెన దారి) ఉన్న హోటల్లో గది, సాయంత్రం వస్తే ఎయిర్‌పోర్ట్ పక్కన. స్కైవాక్ హోటల్ ఖరీదెక్కువే, కానీ నలుగురు పంచుకుంటే భరించొచ్చు. మధ్యాహ్నం గదికెళ్ళి గంట నడుం వాల్చగలగడం ఆ నాలుగు రోజుల్లో ఎంత విలువో అక్కడికెళ్ళాక నీకే తెలుస్తుంది.

ఇక ఎగ్జిబిట్ హాలు. గురువారం పది గంటలకి తలుపులు తెరవగానే జనం ఎటు పరుగెడతారో చూస్తే నీకూ కాళ్ళు ఆగవు. ఆగు. అక్కడ అమ్మేవాటిలో చాలావరకు మూణ్ణాలుగు నెలల్లో మామూలు షాపుల్లోకి వస్తాయి. 2023లో లోర్కానా అనే కొత్త ఆట కార్డులు మొదటిసారి అక్కడ అమ్మినప్పుడు ఆ క్యూలు ఎంత పెద్దవో చెప్పలేను. ఆ కార్డులు ఇప్పుడు సూపర్ మార్కెట్లో కూడా దొరుకుతున్నాయి. (ఆ ఏడే, షో మొదలవకముందే హాల్లోంచి దాదాపు 3 లక్షల డాలర్ల విలువైన కార్డులు ఎవరో దర్జాగా ఎత్తుకుపోయారు. నీ బ్యాగు నీ కాళ్ళ మధ్యే పెట్టుకో.)

డెమోలు చూసి కూడా మోసపోకు. ఇరవై నిమిషాలు రెండు రౌండ్లు ఆడించి లేపేస్తారు. రెండో రౌండ్‌లో ఏ ఆటైనా బాగానే ఉంటుంది, విసుగు పుట్టించేది మూడో గంటలో బయటపడుతుంది. హాల్లో చూసిన ఆట పేరు రాసుకో, పూర్తిగా ఎక్కడైనా ఆడాక కొనుక్కో. స్టూడెంట్ జేబుకి అక్కడ అచ్చొచ్చేది వేలం. పాత ఆటలు వేలం వేస్తారు, పక్కన కన్‌సైన్‌మెంట్ స్టోర్‌లో ధర రాసిపెట్టి కూడా అమ్ముతారు. అక్కడ మంచి బేరాలు తగులుతాయి.

ఇంత చెప్పాక, చిన్న కాన్ ఎలా ఉంటుందో చూడు. ఒక హోటల్ బాల్‌రూమ్, వరుసగా టేబుళ్ళు, ఒక పక్క గోడ పొడుగునా ఆటల లైబ్రరీ. బ్యాడ్జి ఇచ్చి ఆట తీసుకెళ్తావు, ఆడి తిరిగి ఇస్తావు. అంతే. టేబుల్ మీద ఒక చిన్న జెండానో, బోర్డో పెడతారు, "ప్లేయర్స్ వాంటెడ్" అని. అది కనిపిస్తే ఆ టేబుల్ నీ కోసం ఎదురుచూస్తున్నట్టే, మొహమాటం అక్కర్లేదు. నేర్పేవాళ్ళు కావాలంటే ఇంకో రంగు జెండా. కొన్నిచోట్ల "ప్లే టు విన్" అని ఒక అర ఉంటుంది. అందులోని ఆట ఆడి చీటీ మీద పేరు రాస్తే చివరిరోజు లాటరీ తీసి ఆ పెట్టె నీకే ఇస్తారు. బకై గేమ్ ఫెస్ట్ నడిపేది కొలంబస్ ఏరియా బోర్డ్‌గేమింగ్ సొసైటీ వాళ్ళే. ఆరిజిన్స్‌లో బోర్డ్ రూమ్ నడిపేది కూడా వాళ్ళే. అంత పెద్ద షో మధ్యలో ఒక చిన్న కాన్ పెట్టినట్టుంటుంది ఆ గది. ఆరిజిన్స్‌కి వస్తే ఆ గదిలోకి రానిచ్చే రిబ్బన్ కొనుక్కో, ఇంకేమీ కొనకపోయినా సరే.

ఒకసారి అలాంటి చిన్న కాన్‌లో రాత్రి పదకొండు దాటింది. పెద్ద ఆట మొదలుపెట్టే ఓపిక ఎవరికీ లేదు. నేను స్కోర్ షీటు వెనక మన పులిజూదం పటం గీశాను. ఎవరి పెట్టెలోంచో ఎర్ర గాజు పూసలు మూడు తీసుకుని పులులు చేశాను, చెక్క దిమ్మెలు పదిహేను మేకలు. ఎదురుగా రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఒకాయన కూర్చున్నాడు. మేకలు తీసుకున్నాడు. మొదట నాలుగు మేకల్ని టపటపా తినేశాను. ఆయన నిదానంగా నా పులుల వెనక గళ్ళు ఖాళీ లేకుండా మూసుకుంటూ వచ్చాడు. దూకడానికి చోటు లేక మూడు పులులూ కట్టుబడిపోయాయి. చుట్టూ అప్పటికి ఆరేడుగురు నిలబడి ఉన్నారు. మర్నాడు పొద్దున్న నేను కిందికి దిగేసరికి నాకు పరిచయం లేని ఇద్దరు ఆ కాగితం మీదే ఆడుతున్నారు. జెన్ కాన్‌లో ఆ కాగితం ముందు ఎవరూ ఆగరు. పక్కనే పది అడుగుల డ్రాగన్ బొమ్మ పెట్టి ఉంటే మన మేకల్ని ఎవరు చూస్తారు?

అలాగని చిన్న కాన్‌లన్నీ బంగారం అనుకోకు. అక్కడ ఆట కంటే మనుషులు ముఖ్యం, కాబట్టి మనుషులు బాగోకపోతే పోవడానికి వేరే చోటుండదు. నేను వెళ్ళిన ఒక దాంట్లో అందరూ ఇరవై ఏళ్ళ స్నేహితులు. పొద్దున్నే టేబుళ్ళు పంచేసుకుని రాత్రిదాకా తల ఎత్తలేదు. శనివారం మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. అందుకే మొదటిసారి ఒంటరిగా వెళ్ళకు, మీ క్లబ్ వాళ్ళతో వెళ్ళు. ఇంకో పని చెయ్యి: రెండు ఆటలు ఎవరికైనా పదినిమిషాల్లో నేర్పగలిగేంత బాగా నేర్చుకుని వెళ్ళు. ఒకటి అరగంటది, ఒకటి గంటన్నరది. చిన్న కాన్‌లో నేర్పగలిగినవాళ్ళకి టేబుల్ కరువుండదు. నీ ఇంగ్లీషు గురించి టెన్షన్ పడకు. రూల్స్ వరసగా చెప్తున్నావా లేదా అనేదే చూస్తారు, యాస ఎవరికీ పట్టదు. ట్రిక్ టేకింగ్ ఆటలంటే (ముక్కలు వేసి పట్లు గెలిచే పేకాటలు) అసలు బెదరకు. ఇంట్లో తురుఫు పెట్టి ఆడినదానివి, వాళ్ళకంటే నువ్వే ముందు పట్టేస్తావు.

టేబుల్ దగ్గర కూర్చునేముందు నీకు ఎంత టైముందో చెప్పెయ్యి. మూడు గంటల ఆటలో రెండో గంటకి లేచిపోవడం కన్నా పెద్ద తప్పు అక్కడ లేదు. చిప్స్ తిన్న చేత్తో ఎవరి కార్డులూ ముట్టుకోకు.

ఆడపిల్లవి కాబట్టి ఇదీ చెప్తున్నాను. ఎక్కడైనా టేబుల్ నచ్చకపోతే, ఎవరి మాట తీరైనా బాగోకపోతే, కారణం చెప్పనక్కర్లేదు, లేచి రా. పెద్ద కాన్‌లో జనంలో కలిసిపోవచ్చు, ఆ మనిషి మళ్ళీ కనిపించడు. చిన్నదాంట్లో మళ్ళీ మళ్ళీ ఎదురుపడతాడు, కానీ నడిపేవాళ్ళకి అందరి మొహాలూ తెలుసు, ఒక్క మాట చెప్తే చూసుకుంటారు. రోల్ ప్లేయింగ్ ఆటల్లో చాలా టేబుళ్ళ మీద ఎక్స్ అని రాసిన కార్డు ఉంటుంది. కథ నీకు ఇబ్బందిగా ఉన్నవైపు వెళ్తే దాని మీద వేలు పెట్టు చాలు, మారుస్తారు. హాలు బయటికి రాగానే బ్యాడ్జి లోపలికి వేసుకో.

ముఖ్యమైనది మర్చిపోయేదాన్ని. బూత్‌లో పనిచేస్తే, ఆటలు నడిపిస్తే ఫ్రీ బ్యాడ్జి, గదీ ఇస్తామని కంపెనీలు పిలుస్తుంటాయి. నువ్వు ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్నావు. చేతికి డబ్బు ఇవ్వకపోయినా, పనికి బదులుగా ఏదైనా ఇస్తే అది ఉద్యోగం కింద లెక్కకు రావచ్చు. మీ ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసులో అడక్కుండా ఒప్పుకోకు. "అందరూ చేస్తున్నారు" అనే మాట వినకు.

ఒంటి సంగతి. రోజూ మూడు గంటల నిద్ర, రెండు భోజనాలు, ఒక స్నానం తప్పనిసరి అని కాన్‌లకి వెళ్ళేవాళ్ళు ఒక లెక్క చెప్తారు. స్నానం సరే, నిద్ర మాత్రం ఆరు గంటలు పో. ఇంటికొచ్చాక వచ్చే జలుబూ దగ్గూ అక్కడ అంత మామూలు కాబట్టే దానికో పేరు కూడా పెట్టారు, కాన్ క్రడ్ అని. నువ్వు శాకాహారివి, హాల్లో పిజ్జా, ఫ్రెంచ్ ఫ్రైస్ తప్ప పెద్దగా ఏమీ దొరకదు. పులిహోర కలిపి తీసుకెళ్ళు, మొదటి రోజుకి వస్తుంది. ఆ తర్వాత చపాతీలూ, కారప్పొడీ.

జర్మనీలో ఎసెన్ అనే ఊళ్ళో జరిగే ఆటల మేళా గురించి కూడా అడిగావు. 1983 నుంచి జరుగుతోంది, ఇప్పుడు సందర్శకులు 2 లక్షలు దాటుతున్నారు. అది ఉద్యోగం వచ్చాక చూసుకుందువుగాని. అంతకంటే ముందు నవంబర్‌లో డాలస్‌లో జరిగే బీజీజీ (బోర్డ్ గేమ్ గీక్) కాన్ మంచిది. కొనడం తక్కువ, ఆడటం ఎక్కువ. పైగా అక్కడ మీ పిన్ని వాళ్ళిల్లు ఉంది.

బకై ఫెస్ట్ వసంతంలో వస్తుంది, నీ ఫైనల్స్‌కి అడ్డం పడుతుందేమో తేదీలు చూసుకో. పడకపోతే ముందురోజు సాయంత్రం వచ్చెయ్యి, మా ఇంట్లో పడుకో, హోటల్ ఖర్చుండదు. పడితే జూన్‌లో ఆరిజిన్స్‌కి రా. జెన్ కాన్ బ్యాడ్జి మాత్రం ఇప్పుడే తీసుకో, ఈమధ్య ముందే అమ్ముడైపోతున్నాయి. నేనూ కొంటున్నాను కాబట్టి గది కోసం మనకి రెండు టైములు వస్తాయి, ఎవరిది ముందొస్తే వాళ్ళం బుక్ చేద్దాం. నీ టైమ్ మెయిల్ రాగానే నాకు స్క్రీన్ షాట్ పంపు. మీ నాన్నకి ఖర్చు సంగతి నేను చెప్పుకుంటాలే.

మీ అత్తయ్య