ఎయిర్ రైఫిల్ గొట్టం పట్టడానికి ఏ వైస్?

తమ్ముడూ, ఏడాదికి రెండుసార్లు ఎయిర్ రైఫిల్ విప్పడానికి ఖరీదైన బ్యారెల్ వైస్ (గొట్టాన్ని కదలకుండా బిగించి పట్టే పరికరం) కొనాలా అని అడిగావు. అక్కర్లేదు. మన పర్లాకిమిడిలో ఇనుప సామాన్ల కొట్టుకెళ్లి 4 అంగుళాల బెంచ్ వైస్ తీసుకో, చాలు. అసలు పట్టంతా గొట్టానికీ వైస్‌కీ మధ్య పెట్టే చెక్క దిమ్మెలదే. టేకు ముక్కకి గొట్టం లావుకి సరిగ్గా బెజ్జం వేసి, ఆ బెజ్జం మధ్యగా రంపంతో రెండుగా చీల్చు. రంపం తినేసిన ఆ సందు వల్లే రెండు ముక్కలూ గొట్టాన్ని గట్టిగా కరుచుకుంటాయి. అయినా జారుతుంటే లోపల కాస్త గుగ్గిలం పొడి చల్లు.

దిమ్మెలు లేకుండా మాత్రం బిగించకు. నేనలా చేస్తే వైస్ పళ్లు నల్లపూతలో దిగిపోయాయి, ఆ గాట్లు ఇప్పటికీ వేలికి తగులుతాయి. పల్చటి గొట్టం నొక్కుకుపోతే గురే పోతుంది. వైస్‌ని బల్లకి స్క్రూలతో కాదు, అడుగుదాకా దిగే బోల్టులతో బిగించు.

లైసెన్సు తుపాకీ అయితే ఇంట్లో విప్పొద్దు, లైసెన్సున్న మరమ్మతు షాపుకే ఇవ్వు.